విమర్శను చెరిపేయడానికి కాపీరైట్ చట్టమా?

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఇంటర్నెట్‌లో తమ మీద వచ్చిన విమర్శను తీయించడానికి పరువునష్టం చట్టం అక్కరకు రాని చోట కొందరు కాపీరైట్, ట్రేడ్‌మార్క్ చట్టాలను ముందుకు తెస్తున్నారు. హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో న్యాయవాదిగా పనిచేస్తున్న నాకు ఈ ధోరణి ఏటికేడు బలపడుతున్నట్టు కనిపిస్తోంది. పైరసీ గురించీ, సోషల్ మీడియా కేసుల గురించీ మన పత్రికలు విరివిగానే రాస్తున్నాయి. అయితే ఒక చట్టం ముసుగులో ఇంకో చట్టాన్ని వాడుకుంటున్న ఈ తీరు మీద తెలుగులో చర్చ దాదాపుగా లేదు. నోటీసులు అందుకుంటున్నవారిలో ఎక్కువమంది తెలుగులో రాసేవారు, తెలుగులో మాట్లాడేవారు కాబట్టి ఆ చర్చ మీ పత్రికలో మొదలైతే బాగుంటుందని ఈ లేఖ రాస్తున్నాను.

ఉపాధ్యాయురాలిగా రిటైరైన ఒక పెద్దావిడ తన మనవడిని నగరంలోని ఒక కోచింగ్ సెంటర్‌లో చేర్పించారు. అబ్బాయి మధ్యలో మానేశాడు. మానేస్తే మిగిలిన ఫీజు వాపసు చేస్తామని చేరేటప్పుడు ఇచ్చిన కాగితంలోనే రాసి ఉన్నా సంస్థ చేయలేదు. ఆమె రసీదుల ఫొటోలు, సంస్థ బోర్డు ఫొటో జతచేసి, జరిగింది జరిగినట్టు పది పన్నెండు వాక్యాల్లో ఫేస్‌బుక్‌లో పెట్టారు. వారం తిరక్కుండానే రిజిస్టర్డ్ పోస్టులో లీగల్ నోటీసు వచ్చింది. ఆరు పేజీలు, మొత్తం ఇంగ్లీషులో. మొదటి రెండు పేజీలు సంస్థ సాధించిన ర్యాంకుల వర్ణన. ఆ తరువాత, ఈ పోస్టు వల్ల సంస్థ ప్రతిష్ఠ దెబ్బతిన్నదనీ, యాభై లక్షలు పరిహారం చెల్లించాలనీ, ఏడు రోజుల్లో పోస్టు తీసేసి బేషరతుగా క్షమాపణ చెప్పాలనీ, లేకపోతే సివిల్, క్రిమినల్ చర్యలు తప్పవనీ ఉంది. ఐదో పేజీలో ఇంకొక సంగతి కలిపారు: బోర్డు ఫొటోలో కనిపిస్తున్న లోగో తమ రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ అట, రసీదు మీది డిజైను తమ కాపీరైట్ అట, వాటిని అనుమతి లేకుండా ప్రచురించడం నేరమట. ఆమె ఆ నోటీసునూ రసీదులనూ ఒక పాలిథిన్ కవర్లో పెట్టుకుని నా దగ్గరకు వచ్చి, కూర్చోకుండానే "నన్ను జైల్లో పెడతారా బాబూ?" అని అడిగారు. అప్పటికే పోస్టు తీసేశారు. ఆ ఆరు పేజీలను నేను రెండుసార్లు చదివాను. ఆమె రాసిన ఫలానా మాట అసత్యం అని అందులో ఎక్కడా లేదు.

ఫీజు వాపసు గొడవలోకి లోగోను ఎందుకు లాగారన్నదే ఇక్కడ ఆలోచించవలసిన విషయం. దానికి జవాబు మన చట్టాల అమరికలోనే ఉంది. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పెట్టడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టివేసిందని చాలామందికి తెలుసు. అదే తీర్పులో 79వ సెక్షన్ గురించి చెప్పిన మాటకు మాత్రం అంత ప్రచారం రాలేదు. ఇతరులు పెట్టిన పోస్టులకు ఫేస్‌బుక్, యూట్యూబ్ వంటి వేదికలు బాధ్యత వహించనక్కర్లేదని ఆ సెక్షన్ చెబుతుంది. అయితే తప్పు జరిగినట్టు తెలిసిన తరువాత కూడా తొలగించకపోతే ఆ రక్షణ పోతుంది. ఆ తెలియడం అనేది కోర్టు ఉత్తర్వు ద్వారా గానీ, ప్రభుత్వ నోటిఫికేషన్ ద్వారా గానీ జరగాలని, ఎవరో ఒకరు ఫిర్యాదు పంపినంత మాత్రాన సరిపోదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కోట్ల ఫిర్యాదుల్లో ఏది న్యాయమైనదో ఒక ప్రైవేటు కంపెనీ ఉద్యోగి కూర్చుని తేల్చడం సరికాదన్న ఆలోచన దాని వెనక ఉంది. నా దృష్టిలో ఈ పదేళ్లలో మన వాక్స్వాతంత్ర్యానికి దక్కిన పెద్ద రక్షణ ఇదే. దీని ప్రకారం, నా పరువు పోయిందని ఒక సంస్థ అనుకుంటే అది కోర్టుకు వెళ్లాలి, తన వాదన నిలబెట్టుకోవాలి, ఉత్తర్వు తెచ్చుకోవాలి.

కాపీరైట్ దారి వేరు. ఐటీ చట్టంలోని 81వ సెక్షన్‌కు ఉన్న మినహాయింపు కాపీరైట్ హక్కులను ప్రత్యేకంగా కాపాడుతుంది. మైస్పేస్ అనే సోషల్ మీడియా సంస్థ కేసులో 2016 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి, కాపీరైట్ విషయంలో నిర్దిష్టమైన ఫిర్యాదు అందితే చాలని, కోర్టు ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కర్లేదని చెప్పింది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, 2013 నాటి కాపీరైట్ నిబంధనల్లోని 75వ నిబంధన కలిపి చదివితే పద్ధతి ఇలా ఉంటుంది: హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, అది సరైనదని నమ్మిన వేదిక 36 గంటల్లోగా ఆ కాపీని జనానికి అందకుండా ఆపాలి; 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి అందుబాటులో పెట్టుకోవచ్చు. దావా వేసి ఉత్తర్వు తెస్తానని ఫిర్యాదుదారు హామీ కూడా ఇవ్వాలి. హామీ ఇచ్చి దావా వేయకపోతే అతని మీద ఏ చర్య తీసుకోవాలో నిబంధనలో లేదు. తొలగించే ముందు అప్‌లోడ్ చేసిన మనిషి మాట వినాలన్న షరతు కూడా లేదు.

ఈ వేగం ఎందుకు పెట్టారో హైదరాబాదులో ఉన్నవారికి వివరించి చెప్పనక్కర్లేదు. ఉదయం విడుదలైన సినిమా సాయంత్రానికి ఫోన్లలోకి వచ్చేస్తే, ఆ సినిమాకు డబ్బు పెట్టిన నిర్మాతకూ, దాని మీద బతికే వేలాది కార్మికులకూ ఆరునెలల తరువాత వచ్చే తీర్పు వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఐబొమ్మ వ్యవహారంలో 2025 నవంబరులో మన సైబర్ క్రైమ్ పోలీసులు చేసిన అరెస్టును నేనూ హర్షించాను. దొంగ కాపీని వెంటనే ఆపడానికి 36 గంటలు కూడా ఎక్కువేనేమో. నా బాధ అది కాదు. దొంగ కాపీ కోసం పెట్టిన వేగాన్ని గిట్టని మాట మీద ప్రయోగిస్తున్నారు. పరువునష్టం అని రాస్తే వేదిక కోర్టు ఉత్తర్వు అడుగుతుంది, కాపీరైట్ అని రాస్తే అడగదు. ఈ తేడా తెలిసినవాడు ఏ డబ్బా మీద టిక్కు పెడతాడో ఊహించడం కష్టం కాదు.

యూట్యూబ్‌లో ఈ సమస్య మరింత తీవ్రంగా ఉంది. అక్కడ 90 రోజుల వ్యవధిలో మూడు కాపీరైట్ స్ట్రైకులు, అంటే ఉల్లంఘన హెచ్చరికలు, పడితే ఛానెల్ మొత్తం పోతుంది. అన్యాయంగా స్ట్రైక్ పడిందనుకుంటే దాన్ని సవాలు చేస్తూ కౌంటర్ నోటిఫికేషన్ పంపవచ్చు. అయితే ఈ ఏర్పాటంతా 1998 నాటి అమెరికా చట్టం మీద నడుస్తుంది కాబట్టి, కౌంటర్ పంపే వ్యక్తి తన అసలు పేరు, చిరునామా ఫిర్యాదుదారుకు అందజేయడానికీ, అమెరికా బయట ఉన్నవాడైతే యూట్యూబ్ ఉన్న చోటి కోర్టు పరిధికి లోబడడానికీ ఒప్పుకోవాలి. ఎల్బీనగర్‌లో అద్దె గదిలో కూర్చుని రియల్ ఎస్టేటు మోసాల మీద వీడియోలు చేసే కుర్రవాడు, తాను ఎవరిని విమర్శించాడో వాళ్లకే ఇంటి చిరునామా ఇచ్చి, కాలిఫోర్నియా కోర్టు పరిధికి లోబడతానని సంతకం పెట్టాలి. అలా పెట్టడానికి వెనకాడినవాణ్ని నేనైతే తప్పుపట్టలేను. 2025 మే నెలలో దేశవ్యాప్తంగా ఈ విషయం బయటపడింది. ఒక వార్తా సంస్థకు చెందిన దృశ్యాలను కొద్ది సెకన్లు వాడినందుకు స్ట్రైకులు వేసి, వాటిని ఎత్తేయడానికి లక్షల్లో లైసెన్సు రుసుం అడుగుతున్నారని కొందరు యూట్యూబర్లు బాహాటంగా ఆరోపించారు. తన దృశ్యాల మీద తనకు హక్కు ఉందన్న ఆ సంస్థ, ఆ ఆరోపణ మీద పరువునష్టం దావాతో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. అందులో ఎవరిది న్యాయమో కోర్టు తేలుస్తుంది. కాపీరైట్‌తో మొదలైన తగాదా పరువునష్టంలోకి ఎంత సులువుగా మారుతుందో మాత్రం అందరూ చూశారు.

ఆ పెద్దావిడ నోటీసు దగ్గరకే వస్తే, కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మొదటి భాగమే విమర్శ కోసం, సమీక్ష కోసం, వర్తమాన సంఘటనల కథనం కోసం ఒక రచనను న్యాయబద్ధంగా వాడుకోవడం ఉల్లంఘన కాదని చెబుతుంది. తాను డబ్బు కట్టి తెచ్చుకున్న రసీదును, డబ్బు కట్టానని చూపించడానికి పెట్టడంలో కాపీరైట్ ఉల్లంఘన ఎక్కడుంది? ట్రేడ్‌మార్క్ వాదన అంతకన్నా బలహీనం. ఆమె ఆ లోగో పెట్టి ఇంకొక కోచింగ్ సెంటర్ నడపడం లేదు కదా. ఈ విషయంలో 2011 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు నాకు ఎప్పుడూ గుర్తుకు వస్తుంది. ఒడిశాలోని ధామ్రా రేవు వల్ల సముద్ర తాబేళ్లకు ముప్పు ఉందని గ్రీన్‌పీస్ సంస్థ టాటాల పేరునూ గుర్తునూ వాడి ఒక కంప్యూటర్ ఆట తయారు చేసి ఇంటర్నెట్‌లో పెట్టింది. టాటా సన్స్ పరువునష్టం, ట్రేడ్‌మార్క్ రెండూ కలిపి దావా వేసి, ఆటను వెంటనే ఆపాలని కోరింది. కోర్టు ఒప్పుకోలేదు. ఒక సంస్థ పనులను విమర్శించడానికి, వ్యంగ్యంగా చూపించడానికి దాని గుర్తును వాడడం వ్యాపారంలో వాడడం వంటిది కాదని, మాధ్యమం ఇంటర్నెట్ అయినంత మాత్రాన మధ్యంతర ఇంజంక్షన్ (తాత్కాలికంగా ఆపే ఉత్తర్వు) ఇచ్చే కొలమానం మారదని అందులో వివరంగా రాశారు. లోగోల పేరిట నోటీసులు రాసే మా వృత్తివారు ఒక్కసారైనా చదవవలసిన ఉత్తర్వు అది.

ఇక పరువునష్టం. భారతీయ న్యాయ సంహితలో ఇది 356వ సెక్షన్. 2024 జూలై 1కి ముందు ఐపీసీ 499, 500 సెక్షన్లుగా ఉండేది. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ శిక్షగా వేయవచ్చు. ఈ నేరాన్ని రాజ్యాంగబద్ధమేనని 2016 మే నెలలో సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పుతో నాకు పూర్తి ఏకీభావం లేదు, మాటకు జైలు ఉండకూడదన్నది నా అభిప్రాయం. అయినా ఉన్న చట్టంలోనే పది మినహాయింపులు ఉన్నాయని ఎంతమందికి తెలుసు? ప్రజాహితం కోసం చెప్పిన నిజం మొదటి మినహాయింపు. తన ప్రయోజనాన్ని కాపాడుకోవడానికి సద్భావంతో చెప్పిన మాట, ఇతరులను హెచ్చరించడానికి సద్భావంతో చెప్పిన మాట కూడా మినహాయింపుల కిందికే వస్తాయి. ఆరో మినహాయింపు మన సినిమా సమీక్షకులు గోడ మీద రాసి పెట్టుకోదగ్గది. జనం ముందు పెట్టిన రచన గురించి గానీ, నటన గురించి గానీ సద్భావంతో చెప్పిన అభిప్రాయం నేరం కాదు. 1860 నాటి చట్టంలోనే దీనికి చక్కని ఉదాహరణ ఇచ్చారు: ఒక పుస్తకం తెలివితక్కువగా ఉంది కాబట్టి రాసినవాడు బలహీనుడై ఉండాలి అంటే మినహాయింపు ఉంటుంది, రాసినవాడు విషయలోలుడు కాబట్టి పుస్తకం ఇలా ఏడిసిందని అంటే ఉండదు, ఎందుకంటే ఆ మాట పుస్తకంలోంచి వచ్చింది కాదు. యూట్యూబ్‌లో సినిమాను చీల్చి చెండాడే యువకులకు నేను చెప్పేది కూడా ఇదే. సినిమాను ఎంతైనా అనండి, మనిషి ఇంట్లోకి వెళ్లకండి.

ఈ నేరం నాన్-కాగ్నిజబుల్. అంటే పరువునష్టం ఒక్కదాని మీదే పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టడానికి వీల్లేదు. నష్టపోయిన వ్యక్తి మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేసుకోవాలి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు ఆ కేసును స్వీకరించే ముందు నిందితుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 2025 సెప్టెంబరులో మన తెలంగాణ హైకోర్టు సోషల్ మీడియా పోస్టుల మీద పెట్టిన ఎఫ్‌ఐఆర్‌లను కొట్టివేస్తూ, ఫిర్యాదు చేసిన వ్యక్తి నిజంగా నష్టపోయినవాడేనా అని ముందు చూడాలని, పరువునష్టం ఫిర్యాదులను మేజిస్ట్రేటు దగ్గరకు పంపాలని, యాంత్రికంగా అరెస్టులు చేయరాదని పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంత స్పష్టంగా చెప్పాక కూడా "ఒకసారి స్టేషన్‌కు వచ్చి మాట్లాడి వెళ్లు" అన్న ఫోను వస్తే సామాన్యుడు ఆ ఫోను పెట్టేయక ముందే పోస్టు తీసేస్తాడు. నోటీసైనా, ఫోనైనా పని చేసేది చట్టం బలంతో కాదు, చట్టం తెలియకపోవడం వల్ల పుట్టే భయంతో.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. నోటీసులో యాభై లక్షలు, కోటి, పది కోట్లు ఎంతైనా రాయవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. అదే మొత్తాన్ని దావాలో అడగాలంటే ఆ మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. అందుకే నోటీసులో కోటి ఉన్నవారు చాలామంది దావా దాకా రారు. పైగా రాతపూర్వక పరువునష్టానికి సివిల్ దావా వేయడానికి గడువు ప్రచురించిన నాటి నుంచి ఒక్క ఏడాదే. సివిల్ దావాలో చెప్పింది నిజమని రుజువైతే అదే పూర్తి రక్షణ. ఆ పెద్దావిడకు ఈ మూడు మాటలూ చెప్పాక కాస్త నిమ్మళించారు గానీ, పోస్టు మళ్లీ పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. వాళ్ల అబ్బాయి వద్దన్నాడట.

కోర్టుకు వెళ్తే న్యాయం దొరుకుతుంది కదా అని పాఠకులు అడగవచ్చు. దొరుకుతుంది, ఎప్పటికి దొరుకుతుందన్నదే ప్రశ్న. విశాకా ఇండస్ట్రీస్ అనే కంపెనీ గురించి, ఆస్‌బెస్టాస్ గురించి 2008లో గూగుల్ గ్రూప్స్ సేవలో వచ్చిన రాతల మీద సికింద్రాబాద్ మేజిస్ట్రేటు కోర్టులో పరువునష్టం ఫిర్యాదు దాఖలైంది. వేదికగా తనకు బాధ్యత లేదని గూగుల్ హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 79వ సెక్షన్ సవరణ అమల్లోకి వచ్చింది 2009 అక్టోబరులో కాబట్టి అంతకు ముందరి విషయానికి ఆ సవరణ వర్తించదని, కేసు విచారణ సాగాలని 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు నడవాలా వద్దా అన్నది తేలడానికే పదకొండేళ్లు పట్టింది. గూగుల్‌కు ఆ కాలం లెక్కలోకి రాదు. నెలకు పాతిక వేలు సంపాదించే మనిషి వాయిదాల చుట్టూ అన్నేళ్లు తిరగగలడా? ఈ సంగతి గుర్తించబట్టే 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్ అనే వార్తా సంస్థ కేసులో సుప్రీంకోర్టు కింది కోర్టులను హెచ్చరించింది. ఎదుటివారి మాట వినకుండా ప్రచురణను ఆపే మధ్యంతర ఉత్తర్వులు ఇష్టారాజ్యంగా ఇవ్వకూడదని, డబ్బు బలం ఉన్నవారు ప్రజాప్రయోజనం ఉన్న మాటను అణచడానికి వేసే దీర్ఘకాలపు దావాల విషయంలో జాగ్రత్తగా ఉండాలని చెప్పింది. తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి సివిల్ జడ్జి బల్ల మీదా ఆ ఉత్తర్వు ఉండాలని నేను కోరుకుంటున్నాను.

ఇదంతా చదివి కాపీరైట్ చట్టమే వద్దని నేను అంటున్నట్టు ఎవరూ అనుకోవద్దు. దాని అవసరం నిజంగా ఉన్నవారికి అది అందడం లేదన్నదే నా రెండో బాధ. పాతబస్తీలో ఒక ఫొటోగ్రాఫర్ ఉన్నారు. బోనాల ఘటాలు, మొహర్రం ఊరేగింపు, లాడ్‌బజార్ గాజుల దుకాణాలు, వానలో చార్మినార్, ఇవన్నీ ఆయన చాలా ఏళ్లుగా తీస్తున్నారు. లక్షల మంది చూసే ఒక పేజీ ఆయన ఫొటోను తీసుకుని, కింది మూలనున్న వాటర్‌మార్క్‌ను చెరిపి, తన ముద్ర వేసుకుని పెట్టింది. చెరపడం కూడా సరిగా చేయలేదు, ఆయన పేరులోని చివరి అక్షరం కొమ్ము బురుజు నీడలో అలాగే మిగిలిపోయింది. ఆయన ఫిర్యాదు పెట్టారు. ఫొటో ఇంటర్నెట్‌లో దొరికిందని జవాబు వచ్చింది. విసిగిపోయి, "నా బొమ్మను దొంగిలించారు" అని ఆ పేజీ పేరుతో సహా రాశారు. వెంటనే ఆయనకు పరువునష్టం నోటీసు! కెమెరాలోని అసలు ఫైలు, తీసిన తేదీ, సమయంతో సహా ఆయన దగ్గర భద్రంగా ఉంది. ఫొటో తీసినవాడే దాని కర్త, రిజిస్టర్ చేయించకపోయినా హక్కు ఆయనదే, ఆ హక్కు ఆయన జీవితకాలమంతా, ఆ తరువాత మరో 60 ఏళ్లు ఉంటుంది. కర్త పేరును సూచించే సమాచారాన్ని తెలిసి తెలిసి తొలగించడం 65బి సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం. చట్టం మొత్తం ఆయన పక్షాన ఉంది. అయినా నా ఎదుట కూర్చుని నోటీసుకు జవాబు ఎలా రాయాలని అడిగింది ఆయనే, ఆ పేజీవాళ్లు కాదు.

నిజంగా పరువు పోగొట్టుకున్నవారి బాధ కూడా నాకు తెలుసు. మార్ఫింగ్ చేసిన ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే ఒక ఆడపిల్ల చదువు ఆగిపోతుంది. తప్పుడు ప్రచారంతో ఒక చిన్న క్లినిక్ మూతపడుతుంది. ప్రతిష్ఠ కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు అన్నది ఇలాంటివారి కోసమే. అశ్లీల చిత్రాలు, మార్ఫింగ్ చిత్రాల విషయంలో బాధితురాలు ఫిర్యాదు చేసిన 2 గంటల్లోగా (2026 ఫిబ్రవరికి ముందు ఇది 24 గంటలు) వేదిక చర్య తీసుకోవాలని 2021 నాటి ఐటీ నిబంధనలు చెబుతున్నాయి, కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. ఈ నిబంధన ఉన్నట్టు కూడా చాలా కుటుంబాలకు తెలియదు. 2025 సెప్టెంబరు చివరలో ఇద్దరు ప్రముఖ తెలుగు నటులకు, ఒకరికి ఢిల్లీ హైకోర్టులో, ఇంకొకరికి మన సిటీ సివిల్ కోర్టులో, తమ పేరును, రూపాన్ని ఏఐ సాయంతో దుర్వినియోగం చేయకుండా మధ్యంతర ఉత్తర్వులు వచ్చాయి. వారికి ఆ రక్షణ దక్కడం సబబే. అదే వేగం పేరు లేనివారికి కూడా దక్కాలని కోరడం అత్యాశ కాకూడదు.

ఉత్తుత్తి నోటీసులకు చట్టంలో విరుగుడు లేకపోలేదు. ఆధారం లేకుండా కాపీరైట్ దావా వేస్తామని బెదిరించినవారి మీద, ఆ బెదిరింపుకు ఆధారం లేదని ప్రకటించమని, ఇకపై బెదిరించకుండా ఆపమని, జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించమని కోరుతూ కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ కింద మనమే కోర్టుకు వెళ్లవచ్చు. ట్రేడ్‌మార్క్ విషయంలో 142వ సెక్షన్ అదే చెబుతుంది. నోటీసు అందుకున్నవారు ఈ సెక్షన్లను వాడడం అరుదు. ఎందుకంటే వాడాలంటే వకీలు కావాలి, వకీలుకు ఫీజు కావాలి, వాటితో పాటు మాటకు కట్టుబడి నిలబడే తీరిక కావాలి. పోస్టు తీసేయడానికి ఒక్క వేలు చాలు. పైగా బెదిరించినవాడు వెంటనే ఉల్లంఘన దావా వేస్తే ఈ రక్షణ వర్తించదు కాబట్టి, బాగా డబ్బున్నవారి ముందు దీని పదును కూడా తగ్గుతుంది.

కాబట్టి ఈ పని బాధితుల మీదే వదిలేయలేం. 75వ నిబంధనను కేంద్ర ప్రభుత్వం సవరించాలి. తొలగించిన వెంటనే అప్‌లోడ్ చేసినవారికి ఫిర్యాదు ప్రతి అందాలి, విమర్శ, సమీక్ష అన్న సమాధానం వారు ఇస్తే అది లెక్కలోకి రావాలి, దావా వేస్తానని హామీ ఇచ్చి వేయనివారు ఖర్చులు భరించాలి. అమెరికా చట్టంలో తెలిసి తెలిసి తప్పుడు ఫిర్యాదు చేసినవారు నష్టపరిహారం కట్టవలసి ఉంటుంది, మన నిబంధనలో ఆ మాత్రం కూడా లేదు. భారతీయుడు భారతీయుడి మీద చేసే ఫిర్యాదులో కౌంటర్ వేయడానికి కాలిఫోర్నియా పరిధికి ఒప్పుకోవలసిన అవసరం లేకుండా, ఇక్కడి కోర్టుల పరిధి సరిపోయేలా వేదికల మీద ప్రభుత్వం ఒత్తిడి తేవాలి. మా న్యాయవాదులకు నాదొక విన్నపం: ఏ వాక్యం అసత్యమో, ఏ రచనను ఎక్కడ నకలు చేశారో చెప్పని నోటీసు మీద సంతకం పెట్టకండి. కక్షిదారు అడిగినదల్లా రాసిపెట్టడం మన వృత్తిధర్మం కాదు.

తెలంగాణ రాష్ట్ర న్యాయ సేవల అధికార సంస్థ ఈ రంగంలో తేలికగా చేయగలిగిన పని ఒకటుంది. ఆన్‌లైన్ పోస్టుల మీద వచ్చిన నోటీసులను చదివి, ఇందులో పస ఉందా లేదా అని తెలుగులో, ఉర్దూలో చెప్పే ఒక సహాయ కేంద్రాన్ని నాంపల్లి, పురానీ హవేలీ కోర్టుల దగ్గర నడపవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. ఫీజు వాపసు అడిగిన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు ఆ సహాయానికి అర్హురాలే, ఆ సంగతి ఆమెకు చెప్పేవారు లేకపోయారు. మీ పత్రిక వారానికి ఒకసారైనా ఇలాంటి ప్రశ్నలకు జవాబులు ప్రచురిస్తే, రాయడానికి ముందుకు వచ్చే న్యాయవాదులు నగరంలో ఉన్నారు, నేనూ వారిలో ఒకణ్ని.

అప్పటిదాకా, ఇలాంటి నోటీసు అందుకున్న పాఠకులు కంగారులో పోస్టు తీసేసే ముందు దాని లింకు, తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ దాచుకోవాలి, ఎందుకంటే రేపు కోర్టులో దాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే కొత్త సాక్ష్యాల చట్టమైన సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో పాటు అది అవసరమవుతుంది. నోటీసు వచ్చిన కవరును, దాని మీది తపాలా ముద్రతో సహా పారేయకుండా ఉంచుకోవాలి. క్షమాపణ రాసిచ్చే ముందు ఎవరైనా న్యాయవాదికి చూపించాలి. స్తోమత లేనివారు 15100కు ఫోను చేస్తే న్యాయ సేవల సంస్థ వారు పలుకుతారు.

నా కక్షిదారులను ఎవరూ గుర్తుపట్టకుండా ఉండేందుకు నా పేరు ప్రచురించవద్దని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక న్యాయవాది,
చిక్కడపల్లి, హైదరాబాద్